చువ్వలు లేని చక్రం

చెన్నరాయప్పకు డెబ్బై ఎనిమిదేళ్లు. కామసముద్రంలో ఎకరం రాగి చేను, రెండు ఆవులు ఉన్నాయి. అంతకుముందు ముప్పై ఏళ్లు కోలారు చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో వైండింగ్ డ్రైవరు. మనుషులు నిలబడే ఇనుప కేజిని తాడు మీద లోపలికి దించడం, పైకి లాగడం అతని పని. అతను కూర్చునే చోటు నుంచి కేజి కనిపించదు. లోపలి నుంచి గంట ఎన్నిసార్లు మోగిందో విని లివరు కదిపేవాడు. గని మూతబడిన ఏడాది ఊరికి తిరిగి వచ్చాడు. ఆ పని గురించి పెద్దగా మాట్లాడడు.

కొడుకు కూతురు అర్పిత నరసాపురంలో మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వస్తుంది. బొమ్మలు బాగా వేస్తుంది. జిల్లాకు సొంత జెండా ఒకటి ఉండాలని, దాని మీద ఇక్కడి గుర్తులే ఉండాలని కోలారులో ఒక సంఘం బొమ్మలు పంపమంది. ఎంపికైనదాన్ని కుట్టించి, రాష్ట్రం ఏర్పడిన రోజు, రాజ్యోత్సవం నాడు ఊరేగింపులో ముందు పట్టుకుంటారు.

అర్పిత ఎర్రమట్టి రంగు వేసింది. మధ్యలో గని మీది ఇనుప గోపురం, దాని తల మీద కేజి తాడు నడిచే చక్రం. కింద ఒక పక్క రాగి వెన్ను, ఇంకో పక్క పట్టుగూడు. బంగారం వేయలేదు. వాళ్లింట్లో ఎవరూ గని బంగారాన్ని చూసినవాళ్లు కారు.

చెన్నరాయప్ప కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"చక్రం నిలబడిపోయి ఉండాదే."

"బొమ్మ కదా తాతా, తిరుగుతుందా?"

"తిరిగేటప్పుడు చువ్వలు కనపడవు మా. నువ్వు ఎనిమిది ఏసినావు. లెక్కపెట్టేదానికి అయితాందంటే నిలబడినట్టే."

"నిలబడితే ఏమి?"

అతను కాగితం ఆమె చేతికి ఇచ్చేశాడు. ఆవుకు గడ్డి వేస్తున్న అతని భార్య దొడ్డమ్మ చెప్పింది. "షిఫ్టు మధ్యలో చక్రం నిలిస్తే లోపల ఎవరికో ఏమో అయినట్టు. లైను ఇండ్లలో ఉండే ఆడోళ్లమంతా వాకిట్లోకొచ్చి తలెత్తి చూస్తాంటిమి. పొయ్యి మీద ఏముండాదో కూడా గ్యానం ఉండదు ఇంగ."

అతను గనిలో పనిచేసే రోజుల్లో, ఒక వేసవిలో లోపల బండ పగిలింది. చక్రం నాలుగు గంటలు కదల్లేదు. గంట మోగకుండా కేజిని కదపకూడదు. యంత్రం గది కిటికీలోంచి చెన్నరాయప్పకు ఆడవాళ్ల గుంపు కనిపిస్తూనే ఉంది. వాళ్లు చక్రాన్ని చూస్తున్నారు. లివరు అతని చేతిలో ఉంది.

"ఆ చక్రాన్ని జెండా మీద పెట్టి ఊరంతా తిప్పొద్దు మా. నేను అడిగేది అంతే," అన్నాడు చెన్నరాయప్ప అర్పితతో.

అర్పిత చువ్వలు తీసేసింది. బూడిదరంగు వలయం మిగిలింది. అదే పంపింది.

పది రోజులకు సంఘం వాళ్లు ఫోన్ చేసి, బొమ్మ నచ్చిందని, ఒక్క మాట ఉందని చెప్పి, ఆదివారం రమ్మన్నారు. చెన్నరాయప్ప ఉతికిన పంచె కట్టుకుని అర్పితతో పాటు తానూ కోలారు బస్సెక్కాడు. సంఘం పెద్ద శంకరనారాయణకు బజారులో బట్టల కొట్టు ఉంది. అక్కడే కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"పెద్దాయనా, అంతా బాగుండాది. పైన ఈ ఉద్దివడ ఎందుకు పెట్టినారు?"

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు.

"వడ కాదు సామీ. చక్రం. తిరుగుతా ఉండాది."

"మీరు చెప్పినారు, నాకు తెలిసింది. ఊరేగింపులో అందరికీ చెప్పుకుంటా నడుస్తారా మీరు? చువ్వలు ఏసిస్తే ఇదే ఖాయం. లేదంటే బంగారు కడ్డీ బొమ్మ ఇంగొకరిది ఉండాది. అది తీసుకుంటాము."

అర్పిత కాగితం చుట్టబోయింది. "వద్దులే తాతా. పోదాం పా."

చెన్నరాయప్ప కాగితం మీద చెయ్యి పెట్టాడు. కొట్లోకి బేరానికి వచ్చినవాళ్లు చీరలు చూసి, వెళ్లిపోయారు.

"చువ్వలు ఏయి మా," అన్నాడు. "ఏసి, కింద కేజి ఏయి. పైకొచ్చేసిన కేజి. గేటు తెరిచి ఉండల్ల. లోపల ఎవురూ ఉండగూడదు."

"అదెందుకు?" అన్నాడు శంకరనారాయణ.

"షిఫ్టు అయిపోయింది. అందరూ కేజి దిగి ఇండ్లకు పోయినారు. అప్పుడు కూడా చక్రం నిలుస్తాది. రోజూ నిలుస్తాది. అప్పుడు ఎవురూ తలెత్తి చూడరు."

శంకరనారాయణ మెడలోని టేపు తీసి కాగితం మీద కొలిచాడు. "చోటు లేదు కదప్పా. ఇన్ని పెడితే దూరానికి ఒకటీ తెలీదు. కేజి కావల్లంటే రాగో పట్టుగూడో ఒకటి తీయల్ల."

"రాగి తీసేయి."

"మీరు రాగి పండించేటోళ్లే కదా?"

"అవును."

అర్పిత రాగి వెన్ను మీద తెల్ల కాగితం ముక్క అంటించి, గోపురం కింద పెన్సిలుతో కేజి గీసింది. చెన్నరాయప్ప వంగి చూసి, గేటు ఇంకాస్త తెరవమన్నాడు. తెరిచింది.

ఇంటికి వచ్చాక అర్పిత ఫోన్‌లో ఫొటో చూపించింది. దొడ్డమ్మ ముందు చక్రాన్ని చూసింది. చువ్వలు కనిపించి మొగుడి వైపు తిరిగింది.

"మళ్లా ఏయించినావా?"

"కింద చూడు."

ఆమె చూసింది.

"మన రాగి యాడ పోయె?"

"చేన్లో ఉండాది."

"బాగుండాది నీ తెలివి. ఊర్లో అడిగితే ఏం చెప్తావు?"

"అదే చెప్తా."

దొడ్డమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరగా పట్టుకుంది. వేలితో ఎలా పెద్దది చేయాలో అర్పిత చూపించింది. తెరిచిన గేటు, దాని వెనక ఖాళీ కేజి, ఫోన్ తెర నిండా వచ్చాయి.

"అందరూ దిగినట్టేనా?" అంది.

"దిగినారు," అన్నాడు చెన్నరాయప్ప.