మొగిలి స్వెట్టర్

దయాసాగర్ ఇంటి వెనక దండెం మీద ఒక కొసన బాయి బట్టలు, అంటే గనిలోకి వేసుకునేవి, ఇంకో కొసన ఇంటి బట్టలు ఆరేస్తారు. రెండూ ఎప్పుడూ కలవవు. గనిలో నీళ్లు తోడే పంపు నడిపే మనిషి కాబట్టి బాయి బట్టలు సరిగ్గా ఆరి చావవు. నిన్నటి తడినే మళ్లీ ఒంటికి తగిలించుకుని షిఫ్టుకు పోవడం పాతికేళ్ల అలవాటు. అలవాటంటే ఇష్టమని కాదు. ఆ చొక్కా వీపుకు అంటినప్పుడల్లా ఆయన తిట్టే తిట్లు భార్య యేసమ్మ వింటే చర్చికి వెంట తీసుకుపోవడం మానేస్తుంది.

హిమాలయాల్లో ఐదు రోజుల నడక మొగిలి పట్టుదల. మొగిలి ఆయన షిఫ్టువాడే, నోరారా బావా అని పిలుచుకునే స్నేహితుడు. రిటైరయ్యేలోపు ఒక్కసారి మంచు చూడాలని అతని ఆశ. తీసుకుపోయేవాళ్లు ముందే చెప్పారు: జీన్స్, నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. పల్చటివి ఒకదానిమీద ఒకటి వేసుకోండి, పైన వానకోటు. ఒక పొడి జత కవర్లో కట్టి రాత్రికి దాచండి. పొద్దున ఎంత కష్టమైనా తడివే వేసుకుని నడవండి. మొగిలి తమ ఊరి లక్ష్మీనగర్‌లో నేపాలీవాళ్ల దగ్గర మెరూన్ రంగు ఉన్ని స్వెట్టర్ కొని రాత్రి జతలో పెట్టుకున్నాడు.

రెండో రోజంతా వాన. మర్నాడు పొద్దున డేరాలో తడి ప్యాంటు చూడగానే దయాసాగర్‌కు ఒళ్లు మండింది.

“పాతికేండ్ల సంది తడిబట్టలే ఏసుకుంటున్న బావ. సెలవు పెట్టి ఈడికొచ్చి గూడ గదేనా?”

“వద్దు బావ, పొద్దుగూకినంక ఏం ఏసుకుంటవ్?”

“వానకోటున్నది గద. ఫికర్ జెయ్యకు.”

పొడి జత వేసుకుని బయల్దేరాడు. పైనుంచి వాన, లోపల చెమట. సాయంత్రానికి అన్నీ ముద్దయ్యాయి. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, మొగిలి తన కవరు విప్పి స్వెట్టర్, ప్యాంటు ఆయనకు తొడిగాడు.

“మరి నువ్వు?”

“నాకేం చలి పెడ్తలేదు.”

దయాసాగర్ నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నాడు. ఆ వెచ్చదనం అంత బాగుంది మరి.

తెల్లారేసరికి మొగిలికి ఒళ్లు కాలిపోతోంది. మనిషినిచ్చి కిందికి పంపించారు. “నువ్వు పో బావ, ఫోటోలన్న తియ్యి” అన్నాడు పోతూ పోతూ. తోడు దిగాల్సిన దయాసాగర్ ఆ స్వెట్టర్‌తోనే పైకి పోయాడు. మంచు చూశాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు కూడా. తర్వాత తలచుకున్నప్పుడల్లా ఆ సంబరానికే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కింది. మొగిలి బతికి బయటపడ్డాడు కానీ, ఇక కొండల మాట ఎత్తొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అతను దవాఖాన నుంచి ఇల్లు చేరాక దయాసాగర్ ఆ స్వెట్టర్ పట్టుకుని వెళ్లాడు. తప్పు ఒప్పుకోవాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాడు.

మొగిలి ముందు ఫోను అడిగాడు. మంచులో దయాసాగర్ నిలబడ్డ ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. మొహం కాదు, స్వెట్టర్ చెయ్యి.

“ఏమే లింగవ్వా, ఇటు రాయే. నా స్వెట్టర్ మీద మంచు పడ్డది సూడు!” అని భార్యను పిలిచాడు.

తర్వాత స్వెట్టర్ ఒళ్లో వేసుకుని, అదే చేతి మీద, మంచు పడ్డచోట, అరచేత్తో నెమ్మదిగా నిమిరాడు.

“ఉతికిచ్చినవా బావ?” అన్నాడు.