మూడు దుకాణాల నిర్మలాదేవి

ఖమ్మంలో పురుగుమందుల దుకాణం నడిపే నిర్మలాదేవి మాట్లాడుతున్నంతసేపూ కొంగు చివరను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంటుంది. వ్యాపారం పెరిగి అశ్వారావుపేటలో, చర్లలో కూడా దుకాణాలు తెరిచాక ఆమెకు కంటిమీద కునుకు కరువైంది. మొన్న చర్ల దుకాణంలో మందు లేదని వెనక్కి పంపితే దూలయ్య అనే రైతు పత్తిచేను పురుగుపాలైంది. అదే మందు ఖమ్మం గోదాములో పెట్టెలకొద్దీ పడి ఉంది. ఆ సంగతి తెలిసిననాటి నుంచి, ఊళ్లోకి కొత్తగా వచ్చిన కంప్యూటర్లు అమ్మేవాళ్లను పిలిపించి, మూడు దుకాణాల సరుకు ఒక్కచోటే తెలిసే దారి అడుగుతోంది.

ఈరోజు వచ్చినతను తెర మీద సరుకు లెక్కలన్నీ చూపించాడు. "ఏ దుకాణంలో ఏమున్నదో మొత్తం చెప్తది మేడమ్."

"చర్ల, అశ్వారావుపేట దుకాణాల్ల ఫోన్ లేదు. ఆడ మందు అయిపోతే దీనికెట్ల తెలుస్తది?"

"మీ మనిషి వచ్చి చెప్పాలె మేడమ్. అప్పుడు ఎక్కిస్తం."

ముందు వచ్చినవాళ్లూ అదే చెప్పారు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంకేదన్నా దారుంటే చెప్పు నాయనా, నీకు పుణ్యముంటది."

అతను తలవంచుకుని వైర్లు చుట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆమె మందు పెట్టెలు వేయించుకుని తనే చర్ల బస్సెక్కింది. బస్సు ఊరు దాటాక, ఈపాటికి అశ్వారావుపేటలో ఏ మందు అయిపోయిందో, లేదని ఎవరిని పంపేస్తున్నారో అనుకుంటూ కొంగు చివరను వేలికి చుట్టసాగింది.