పసుపు గోదాములో పంక్ కచేరీ

ఆ రోజుల్లో నాకు ప్రశ్నలుండేవి గాని అనుమానాలుండేవి కావు. డిగ్రీ అయిపోయి ఒక చిన్న మాసపత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. సెలవు దొరికితే హేతువాద మిత్రుల చర్చల్లో బల్ల గుద్దేదాన్ని. (బల్ల ఒకటే, వంతులవారీగా గుద్దేవాళ్లం.) నాకు అన్నిటికంటే ఇష్టమైన అంశం పూనకం. "దేవతా లేదు, దయ్యమూ లేదు. డప్పు, జనం, ఉక్కపోత, ఖాళీ కడుపు కలిస్తే ఏ మనిషైనా ఊగుతాడు" అని సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకుని, అదే ఉపన్యాసం ఇంటికొచ్చి అమ్మకు వినిపించేదాన్ని. మాది పాతబస్తీలో గేదెలున్న ఇల్లు. అమ్మ పాలు కొలుస్తూ అంతా వినేది. చివర "అయిపోయిందా? గా చెంబు అందుకో" అనేది.

ఆ ఏడు ఆషాఢానికి ముందు అసలు లొల్లి మొదలైంది. నా చేత బోనం ఎత్తిస్తానని అమ్మ మొక్కుకుంది. చచ్చినా ఎత్తనని నేను మిత్రుల ముందు ప్రకటించేశాను. సరిగ్గా అప్పుడే ఉస్మాన్‌గంజ్‌లో ఒక గోదాములో పంక్ కచేరీ ఉందని తెలిసింది. కులాన్నీ దేవుణ్ణీ కార్పొరేటర్నీ ఒకే ఊపులో తిట్టే పాటలట. అమ్మ కళ్లు తెరిపించడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తోచలేదు.

"పంకంటే ఏందే?" అంది అమ్మ.

"తిరుగుబాటు సంగీతం."

"ఎవరి మీద?"

"అందరి మీద."

అమ్మ బేరం పెట్టింది. "సరే, నీ జాతరకు నేనొస్త. నా మనసుకు పట్టిందనుకో, ఈయేడు బోనం ముచ్చటే ఎత్తను. పట్టకుంటే నోర్మూసుకొని ఎత్తుకోవాలె. మంజూరా?"

"మంజూర్" అన్నాను. ఆ క్షణం నుంచి సభలో నా పరువు ముక్కూమొహం తెలియని నలుగురు కుర్రాళ్ల చేతుల్లో పడింది.

ఆదివారం బజారు బంద్. ఆ గోదాము, డ్రమ్ములు వాయించే కుర్రాడి తండ్రిది. ఒక పక్క మిరప బస్తాలు, ఇంకో పక్క పసుపు బస్తాలు. అమ్మ పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని వచ్చింది. (పెళ్లికి కాదని చెప్పాను, వినలేదు.) వస్తూనే "కుర్చీలెయ్యలేదేందే?" అంది. ఇక్కడెవరూ కూర్చోరన్నాను. "మరి ముసలోళ్లో?" ముసలోళ్లు రారన్నాను. అమ్మ చుట్టూ చూసి, నమ్మకం కుదిరినట్టు తలాడించింది. పాడేవాడు మైకు పట్టుకుని మొదటి కేక పెట్టగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, పిల్లగానికి ఏమైందే?"

"పాడుతున్నాడమ్మా."

"ఎవరేమన్నరని?"

ఒక్కో పాటనూ అమ్మకు విడమరిచి చెప్పాలని సిద్ధపడి వచ్చాను. కానీ రెండో పాటకే జనం ఎగరడం మొదలుపెట్టారు, వాళ్లతో పాటు మిరప ఘాటూ లేచింది. అందరి కళ్లలో నీళ్లు, అందరికీ తుమ్ములు. పాడేవాడు ఎక్కడ పాడుతున్నాడో ఎక్కడ దగ్గుతున్నాడో తెలియదు. నేను అమ్మ పక్కనుంచి ఎప్పుడు కదిలానో అసలే తెలియదు. బేరం గుబులుతో పొద్దుటినుంచి ఏమీ తినలేదు. జడ ఊడిపోయింది. తల దానంతటదే గిరగిరా తిరుగుతోంది. నోటికొచ్చింది అరుస్తున్నాను.

పాదాల మీద చల్లగా ఏదో పడితే కళ్లు తెరిచాను. జనం నా చుట్టూ వలయంగా నిలబడ్డారు. ఎదురుగా అమ్మ. చినిగిన బస్తాలోంచి పసుపు తీసి నీళ్ల సీసాలో కలిపి నా కాళ్ల మీద పోస్తోంది.

"ఎవరు తల్లీ నువ్వు? ఏం గావాలె నీకు? నా బిడ్డ తెల్వని పిల్ల, తప్పుంటే కాయి."

"అమ్మా! నేనే!"

"అవ్, అందరు గట్లనే అంటరు" అని అమ్మ ఇంకాసిన్ని నెత్తిన పోసింది.

పాట ఆగింది. పాడేవాడు మైకు పక్కన పెట్టి వచ్చి, తల వంచి "అమ్మా, మేరే పే భీ డాలో" అని తన మీదా పొయ్యమన్నాడు. వాడి వెనక మిగతావాళ్లు వరుస కట్టారు. అమ్మ ఒక్కొక్కరికీ పోస్తూ, ఏం కావాలో అడుగుతోంది. ఒకడు నౌకరీ కావాలన్నాడు. "వస్తది పో" అంది. డ్రమ్ముల కుర్రాడు ఆమె చేతికి తగ్గట్టు వాయించడం మొదలుపెట్టాడు. హేతువాద దృష్టితో ఆ సన్నివేశాన్ని ఏమనాలో నాకు పాలుపోలేదు.

ఆటోలో ఇంటికి వస్తూ తేరుకుని ఉపన్యాసం అందుకున్నాను. "అమ్మా, అది పూనకం కాదు. డ్రమ్ములు, ఆ జనం, ఉక్కపోత, పైగా ఖాళీ కడుపు..."

"అవ్ మరి. పూనకమంటే గదేనని నువ్వే చెప్తివి గదా!"

అమ్మ కొంగుతో నా మొహం తుడుస్తూ తీర్పు చెప్పింది. "నీ జాతర మస్తుగుంది. గది అట్లుండనీ. నెత్తిమీద బోనం పెట్టుకొని నువ్వు గట్ల ఎగిరితే కుండ నిలుస్తదా? మొక్కు సంగతి అమ్మవారికి నేను చెప్పుకుంట. బోనం నేనే ఎత్తుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు."

అలా గెలిచాను. తర్వాతి సభలో "మా అమ్మ ఒప్పుకుంది" అంటే చప్పట్లు మోగాయి. ఏ వాదనతో ఒప్పించావని అధ్యక్షుల వారు అడిగితే, గొంతు సవరించుకుని నీళ్లు తాగాను.

పూనకం మీద ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను, మాట మార్చుకోలేదు. దాని కారణాలన్నీ రాశాను. జడ విప్పుకుని ఊగితే ఎంత హాయిగా ఉంటుందో మాత్రం ఏ వ్యాసంలోనూ ఇమడలేదు. అది రాయబోయినప్పుడల్లా, తల నుంచి పాదాల దాకా పచ్చగా తడిసి, గెలిచినందుకు మూతి ముడుచుకుని ఆటోలో ఒక మూల కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. పక్కకు జరిగి నాకూ కాస్త చోటివ్వమని అడగాలనిపిస్తుంది.