నిషేధం ఎత్తేశాక మా మావ కల్లు మానేశాడు

ఆ రోజుల్లో మా వైపు భయం కూడా భూమిని బట్టి వచ్చేది. ఏభై ఎకరాలవాడికి రెండు గొట్టాల తుపాకీ పట్టేంత భయం, పాతిక ఎకరాలవాడికి రివాల్వరు పట్టేంత భయం, అంతకు తక్కువైతే ఒక కుక్కతో సరిపెట్టుకునేవారు. కొండల్లో భూస్వాముల మీద గొడవలు మొదలయ్యాయనీ, ఇవాళో రేపో పల్లానికి దిగుతాయనీ చీపురుపల్లి సంతలో మిరపకాయల బేరంతో పాటే చెప్పుకునేవారు. మా మేనమావకు ఉన్నవి పన్నెండు ఎకరాలు. న్యాయంగా ఆయన కుక్క దగ్గర ఆగిపోవలసిన మనిషి. కానీ పెద్ద రైతులంతా రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు పెడుతుంటే తాను పెట్టకపోతే పరువు తక్కువనుకున్నాడు. (ఆ దరఖాస్తు రాసింది నేనే. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. ఒక దినపత్రికకు కొత్తగా విలేకరినై, మావ ఇంట్లోనే ఉంటూ, ఊరందరికీ తెలిసిన సంగతుల్ని మళ్లీ వాళ్లకే అచ్చులో తెలియజేస్తుండేవాణ్ని. దరఖాస్తులో ‘ప్రాణభయం’ అనే మాట నాలుగు చోట్ల వాడాను. అది చదివాకే మావ నిజంగా భయపడ్డాడు.)

లైసెన్సు వచ్చింది. చేతికిస్తూ సర్కిల్ ఇన్‌స్పెక్టరు మూడు షరతులు చెప్పాడు. ఒకటి, తాగినప్పుడు ముట్టకూడదు, తాగేటట్టయితే ఇంట్లో పెట్టి తాళం వెయ్యాలి. రెండు, ఇంకొకడి చేతికి ఇవ్వకూడదు. మూడు, ఎక్కడపడితే అక్కడ పెట్టి కూర్చోకూడదు. మావ జీవితంలో పోలీసు ఎదురుగా చెప్పిన మాట జవదాటిన మనిషి కాదు కనుక మూడూ తలూపి విన్నాడు. ఇంటికొచ్చి పెట్టె తెరవబోతే అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఆ ఇనప ముక్క ఇంట్లో పెట్టినావంతే నాను పొయ్యి ముట్టించను. బయటకెల్లినపుడు నీ కూడా తీసుకుపో. ఇంట్లో ఉన్నపుడు నీ మొల్లోనే ఎట్టుకో. పెట్టిలో మాత్తరం ఎట్టకు, అందల నా పెల్లి సీర ఉన్నాది.” పొయ్యి వెలగదన్న బెదిరింపు పోలీసు షరతులన్నిటికీ మించినది. దాంతో మావ తోలు సంచిలో రివాల్వరును పంచె మీద బెల్టుకు కట్టి, పైన మోకాళ్ల దాకా చొక్కా వేసుకుని తిరిగేవాడు. చొక్కా కింద ఏముందో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఆ రహస్యం అప్పటికి శ్రీకాకుళం దాకా తెలుసు.

ఇనుము నడుముకు ఉంటే కల్లు తాగకూడదు, ఇంట్లో పెట్టడానికి లేదు. అంచేత మద్యనిషేధం అమల్లో ఉన్నన్నాళ్లూ దర్జాగా కల్లు తాగిన మా మావ, ప్రభుత్వం ఆ నిషేధం సడలించిన ఏడే మానేయవలసి వచ్చింది. పోయింది కల్లు ఒక్కటే అయితే పెద్ద బాధ ఉండేది కాదు. తాళ్లతోపులో పొద్దుటిపూట కూర్చునే వరస ఒకటుండేది. కల్లు గీసే మోకు బావ (చెట్టెక్కే మోకు తాడు భుజాన లేకుండా కనబడడు కనుక ఆ పేరు), మావ పొలం చేసే ఇద్దరు పాలికాపులు, బండివాడు, మావ. నేల మీద గొంతుక్కూర్చుని తాటాకు మడిచిన రేకల్లో కల్లు పోయించుకుంటే ఎవరు భూమి ఉన్నవాడో పోల్చుకోలేం. అక్కడొక పద్ధతి ఉండేది. కూర్చోబోయే ముందు ఎవరి కత్తి, ఎవరి కర్ర వాళ్లు చివరి తాడిచెట్టు మొదట్లో పెట్టి రావాలి. మోకు బావ గీత కత్తి కూడా అక్కడికే పోయేది. ఏడాదిలో తొలి కుండ దించిన రోజు మొదటి రేక మావది.

ఆ ఏడు తొలి కుండ దిగిన పొద్దున్న మోకు బావ కబురు పంపాడు. “బావొస్తేగానీ ఒంచను” అని. మావ రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మూడోసారి నన్ను పిలిచాడు. “ఒరే, నువ్వు తాగవు గదా?” “తాగను మావా.” “అయితే రా.” కాలవగట్టు మీద ఆగి, గుళ్లు తీసి తన జేబులో వేసుకుని, ఖాళీ రివాల్వరు నా చేతిలో పెట్టాడు. “నడుంకి దోపుకో. ఓ గంట.” ఆ కాలపు ఫ్యాషను ప్రకారం నా ప్యాంటు కాళ్లకు అతికించి కుట్టినట్టుండేది. అందులో నాకే చోటు చాలదు. దోపుకుని కొంగలా నడిచాను.

తోపులో మావను చూడగానే వరసంతా జరిగి చోటిచ్చింది. “రెన్నెల్లయినాది బావా, మా అప్ప ఇంట్లో కట్టేసినాదేటి?” అన్నాడు మోకు బావ. మావ నవ్వుతూ కూర్చున్నాడు. అంత హాయిగా ఆయన నవ్వడం లైసెన్సు వచ్చాక అదే మొదలు. రేక నిండింది. అప్పుడు మోకు బావ నా వైపు చూశాడు. “ఏటల్లుడా, నిలబడిపోనావు? తాగొద్దులే, కూకో.” కూర్చోబోయాను. గొట్టం పొట్టలో పొడిచింది. సగంలో ఆగి మళ్లీ లేచాను. బండివాడు కిసుక్కుమన్నాడు. మోకు బావ నవ్వలేదు.

“మా కత్తులన్నీ అక్కడున్నాయి బావా,” అన్నాడు నెమ్మదిగా. “నీది ఆ కుర్రోడి మొల్లో ఉన్నాది. ఎవుల మీదకి తెచ్చినావు?”

“మీ మీదకేటి బావా! కొండల్నుంచి ఎవులో వస్తారంతన్నారు…”

“ఒస్తే మాకోసం రారు. వొచ్చినోలకి నీ ఇల్లెక్కడో మేమే సూపించాల. మేం సూపిస్తామా?”

మావ రేక జాగ్రత్తగా పక్కనున్నవాడికిచ్చి లేచాడు. నా నడుములోంచి రివాల్వరు లాగి, కత్తులున్న చెట్టు వైపు నడిచాడు. నాలుగడుగులు వేస్తే అయిపోయేది. మూడో అడుగులో నేను నోరు తెరిచాను. “మావా, అలా పెట్టేసి కూర్చోకూడదు. మూడో షరతు.”

(అప్పటిదాకా రెండో షరతు నా మొలలోనే వేలాడుతోందన్న సంగతి నాకు తోచలేదు.)

మావ ఆగిపోయాడు. చెట్టు వైపు చూశాడు, వరస వైపు చూశాడు. తర్వాత రివాల్వరు తన సంచిలో పెట్టుకుని చొక్కా సర్దుకున్నాడు. “మీరు తాగండి,” అని గట్టు మీదకు ఎక్కేశాడు. నేను కొంగలా కాకుండా మామూలుగా నడుస్తూ వెనకే వెళ్లాను.

ఆయన ఆ ఆయుధాన్ని ఒక్కసారీ పేల్చలేదు. ఒక్క చుక్కా తాగలేదు. జిల్లాలో అంత బాధ్యత గల లైసెన్సుదారు మరొకడు ఉండి ఉండడు. మూడేళ్ల తర్వాత, గొడవలు చల్లారాక, దాన్ని స్టేషన్‌లో అప్పగించి, మర్నాడు పొద్దున్నే తోపుకు బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు. మోకు బావ అప్పటికి చెట్టెక్కడం మానేశాడు, కొడుకు గీస్తున్నాడు. మావను చూడగానే ముసలాయన లేచి నిలబడ్డాడు. కొడుకును పరుగెత్తించి ఎవరింట్లోంచో కుర్చీ తెప్పించాడు, గాజు గ్లాసు తెప్పించాడు. “కూకో బాబూ,” అన్నాడు. బావా అనలేదు. మావ ఆ కుర్చీలో కూర్చుని, నేల మీద వరసను చూస్తూ ఒక గ్లాసు తాగి, బాగుందని చెప్పి లేచాడు. దారిలో అన్నాడు: “కుర్సీలో కూకుంతే కల్లు గొంతు దిగదురా.”

ఆ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు చెప్పినమాట తప్పు కాదు. ఇవాళ ఎవరడిగినా నేనూ అదే చెబుతాను. కాకపోతే మావ ఆ నాలుగో అడుగు వేసి, వచ్చి కూర్చుని, ఒక రేక పూర్తి చేసేదాకా ఆగి చెబుతాను. ముప్పై ఏళ్లు పత్రికల్లో పనిచేసినవాణ్ని. వార్త ఆలస్యంగా అందితేనే మేలని నేను ఒప్పుకునేది ఆ ఒక్క పొద్దుటి విషయంలోనే.