బాపు అనే రెండక్షరాలు

ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసి, మాట సరిగా పలకని పిల్లల్ని పరీక్షించడానికి మీరు వాడిన పదాల పట్టిక ఇంకా ఉందా అమ్మా అని అడిగింది. వెతికి తీస్తే, మొదటి పేజీలో ‘నాన్న’ అన్న మాట కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో ‘బాపు’ అని రాసి ఉంది. రాత నాదే. ఆ దిద్దుబాటు నాకు నేర్పింది ఒక బీడీలు చుట్టే తల్లి.

ఎనభైల చివర్లో మావారికి ఆర్మూర్ బదిలీ అయింది. నేను కృష్ణా జిల్లా పిల్లను, హైదరాబాదులో స్పీచ్ థెరపీ చదివి అప్పుడే బయటికొచ్చి, నాకంతా తెలుసన్న ధీమాతో ఉన్నదాన్ని. బస్టాండు దగ్గర ఒక డాక్టరుగారు తన దవాఖాన వెనక గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే పక్క కల్లంలో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము గడగడ, మూస్తే ఉక్కపోత. ప, బ తేడా చెవికి తెలియాలి గనక ఉక్కనే భరించేదాన్ని.

ఆ తల్లి తన ఎనిమిదేళ్ళ కూతురిని అక్కడికే తీసుకొచ్చింది. పిల్లకు పుట్టుకతోనే అంగిలి చీలి ఉంటే, ఏడాది కిందట హైదరాబాదులో ఆపరేషన్ చేసి కుట్టారు. కుట్టు బాగానే కుదిరినా గాలి ముక్కులోంచి పోయే అలవాటు మాత్రం పోలేదు. ప, బ అనబోతే మ వచ్చేది. ముక్కు కింద చిన్న అద్దం పెడితే దాని మీద ఆవిరి పట్టేది. నా పట్టికలో ఇంటి మాటలంటే అమ్మ, నాన్న, మామ. అవన్నీ ముక్కుతో పలికేవే కాబట్టి పిల్ల చక్కగా చెప్పేసింది. ఇంటి మాటలకు లోటు లేదని రాసుకుని, కాకి, గాజు అంటూ బడి పుస్తకంలో మాటలు మొదలుపెట్టాను. తల్లి వారానికి రెండుసార్లు వచ్చి, వరండాలో చాట ఒళ్ళో పెట్టుకుని తూనికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతూ కూర్చునేది.

రెండు నెలలకు ఒకరోజు ఆమె చాటకు బదులు టేపురికార్డరు పట్టుకొచ్చింది. గల్ఫ్ వెళ్ళిన మగవాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాటలు నింపి పంపేవారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లకు మూడేళ్ళప్పుడే తండ్రి దుబాయి పోయాడు. ఆయన గొంతు ఆ గదిలో విన్నాను. ‘బిడ్డా, బాపు అను. మాట్లాడతలేవేంది? నా మీద కోపమా?’ వెనకటి క్యాసెట్లో పిల్ల ‘మాము’ అంటే వాడకట్టు పిల్లలు విని నవ్వారట. అప్పటినుంచి బటన్ నొక్కితే చాలు, తలుపు చాటుకు పోతోందట.

నాన్న అని బాగానే అంటుంది కదమ్మా అన్నాను నేను, ఆ గొంతు విన్నాక కూడా.

‘మా ఇండ్లల్ల నాన్న అని ఎవలంటరు మేడం? మేం బాపు అంటం. మీరు పెద్ద పెద్ద మాటలు నేర్పుతున్రు, జర గీ ఒక్క మాట నేర్పుండ్రి.’

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. నా ఊరి తెలుగుతో ఆ పిల్ల ఇంటిని కొలిచాను. ఆ పిల్లకు అన్నిటికంటే అవసరమైన మాటే అన్నిటికంటే కష్టమైనదని రెండు నెలలు నాకు తెలియనేలేదు.

ఆ రోజే బడి మాటలు పక్కన పెట్టేశాను. ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని మ అనబోతే బ వస్తుంది. ఆ తేడా చెవికి పట్టాక మెల్లగా వేళ్ళు తీయాలి. పెదవుల ముందు కాగితం ముక్క పెట్టి ప అన్నప్పుడు అది ఎగరాలి. పిల్ల విసిగి ఏడ్చిన రోజులున్నాయి, నాకే ఆశ సన్నగిల్లిన రోజులూ ఉన్నాయి. ఎండలు ముదిరాక ఒక పొద్దున, ముక్కు పట్టుకోకుండానే, ఆ రెండక్షరాలు శుభ్రంగా వచ్చాయి. తల్లి చేతిలో బీడీ విడిపోయి పొగాకు నేల మీద పడింది.

మర్నాడు క్యాసెట్ పెట్టాం. పిల్ల ‘బాపూ’ అంది స్పష్టంగా. అక్కడితో ఆపకుండా, మేం నేర్పని మాట తనంతట తనే కలిపింది. ‘ఎమ్ముడొస్తవ్?’ ఆ ‘ఎప్పుడు’ మళ్ళీ ముక్కులోకి పోయింది. చెరిపి కొత్తగా నింపుదామని బటన్ మీద చెయ్యి వేశాను. తల్లి నా చెయ్యి పట్టుకుంది.

‘ఉండనీయుండ్రి మేడం. అది గూడ నా బిడ్డ మాటనే.’

రెండు నెలలకు జవాబొచ్చింది. క్యాసెట్లో ఫ్యాను చప్పుడు మధ్య ఆయన గొంతు. ‘బిడ్డా, బాపు విన్నడు. ఎప్పుడొస్తవని అడిగినవ్ గదా, పసుపు తవ్వే నాటికి వస్త.’ ఎక్కడో పరాయి దేశపు గదిలో ఆయనకు ఆ మాట ఏ తప్పూ లేకుండానే వినిపించింది.

ఆ ఏడు పసుపు తవ్వారు, ఉడకబెట్టారు, ఆయన రాలేదు. సెలవు దొరకలేదట. మరుసటి ఏడు వచ్చి, కూతుర్ని వెంటబెట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరి తరఫునా పిల్లే గలగలా మాట్లాడింది.

కొన్నేళ్ళ కిందట డిచ్‌పల్లిలో ఒక పెళ్ళిలో ఆనాటి ఆ పిల్లే కనబడింది, ఇద్దరు పిల్లల తల్లిగా. వాళ్ళ ఆయనా గల్ఫ్‌లోనే ఉన్నాడట, రోజూ ఫోన్‌లో ముఖాలు చూసుకుంటారట. ఎదురుచూపులు తగ్గినందుకు నాకు సంతోషమే. పిల్లలు తండ్రిని ఏమని పిలుస్తారని అడిగాను.

‘డాడీ అంటరు మేడం. వాళ్లకు నోరు మంచిగనే తిరుగుతది, గని గా మాట మాత్రం అనరు’ అని నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ ఆ పందిట్లో ఉన్నంతసేపూ, అన్ని గొంతుల మధ్య, ఎవరైనా ఒక్కరు అంటారేమోనని నా చెవులు ఆ రెండక్షరాలనే వెతుకుతూ ఉండిపోయాయి.