ఇసుకలో ఆరేసిన గడ్డి

మా బావను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చివర్లో మనసు కరిగిందని రాస్తానేమోనని ఎవరూ ఎదురు చూడనక్కర్లేదు. బావంటే మా అక్క మొగుడు. "నువ్వూ నానూ ఒకే పడవ బావా" అని పెళ్ళి పందిట్లో నా భుజం మీద చెయ్యి వేసిన మనిషే, ఆరేళ్ళ తర్వాత జాలరిపేటంతా తిరిగి నేను గుర్రాన్ని చంపేశానని చెప్పుకొచ్చాడు.

మా ఇళ్ళల్లో అందరిదీ చేపల వేటే. నేనూ చాలా ఏళ్ళు సముద్రం మీదికి వెళ్ళాను. బావకు మాత్రం పడవెక్కితే వాంతులు. అందుకని రెండు గుర్రాలు కొన్నాడు, ఒకటి తెల్ల ఆడగుర్రం, ఇంకొకటి ఎర్ర మగగుర్రం. సాయంత్రాలు బీచ్‌లో పిల్లల్ని ఎక్కించడం, ముహూర్తాలున్నప్పుడు పెళ్ళికొడుకుల్ని ఊరేగించడం, అదీ వ్యాపారం. భీమిలి రోడ్డు పక్కన ఒక జీడితోట తీసుకుని అందులో రేకుల షెడ్డు వేశాడు. ఫోన్లూ, బేరాలూ ఆయనవి. చాకిరీ అంతా నాది.

ఆ చాకిరీ నాకు ఇష్టంగానే ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి? తెల్లవారుజామున ముందు నీళ్ళు పెట్టాలి, తర్వాత గడ్డి, ఆఖర్న నానబెట్టిన ఉలవలు. గుర్రాలమ్మిన సాయిబు ఆ వరస తప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. గడ్డి మోపు విప్పి, మధ్యలోంచి ఒక పిడికెడు లాగి వాసన చూసేవాణ్ణి. బూజు వాసన తగిలితే పక్కకు పారేయడమే. మిగిలినదాన్ని బాగా దులిపి, పాత వల ముక్కలో కట్టి గుర్రం మూతికి అందేలా దూలానికి వేలాడదీసేవాణ్ణి. వల కన్నాల్లోంచి అవి ఒక్కొక్క పరకే లాక్కుని తింటుంటే చూడ్డానికి బాగుండేది. తర్వాత లద్దె ఎత్తడం, సిమెంటు నేల కడగడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం. మళ్ళీ మధ్యాహ్నం గడ్డి, మళ్ళీ లద్దె.

ఆ ఏడు వానలు వదల్లేదు. గడ్డివామి సగం తడిసి ముద్దయింది. నేను తల పట్టుకుని కూర్చుంటే బావ నవ్వాడు.

"ఏటి బావా, అంతలా ఆలోసిత్తన్నావు? ఎండ కాసినప్పుడు ఒడ్డుకి పట్టుకెల్లి ఇసకలో పరిసీ. మన సేపలు ఆరట్లేదా ఏటి?"

ఆయన చెప్పాడు, నేను పరిచాను. ఇద్దరికీ అందులో తప్పు కనపడలేదు. ఇసుకలో ఆరిన చేపలు తిని పెరిగినవాళ్ళం మరి. ఎండుచేపను మా ఆడవాళ్ళు నాలుగు నీళ్ళు పోసి కడిగి కూర వండుతారు, గుర్రం గడ్డిని ఎవరు కడుగుతారు? పైగా పనికి ఆలస్యమవుతోందని బావ వల కట్టడం కూడా మానిపించాడు. ఆరిన గడ్డి ఆరినట్టే తెచ్చి నేలమీద పడేయడమే.

నెల తిరక్కుండానే తెల్లగుర్రం మేత మానేసింది. కాలితో నేలను గీకింది, పడుకుంది, లేచింది, మళ్ళీ పడి దొర్లింది. పశువుల డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. కడుపునొప్పి వచ్చి పోయుంటుంది అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ మాట చాలింది మా బావకు.

"ఉలవలు ఎక్కువెట్టీసినాడు. పొట్టుబ్బి సచ్చిపోనాది. అడిగితే నాను కాదంటన్నాడు" అని కనపడినవాడికల్లా చెప్పాడు. ఉలవలు పూర్ణా మార్కెట్‌లో ఏరి తెచ్చినవాణ్ణి నేనే, ఒకే డబ్బాతో రోజూ కొలిచి పోసినవాణ్ణీ నేనే. ఒక్క గింజ ఎక్కువ పడలేదని ఎవరితో మొత్తుకోను? చేపలమ్ముకునే ఆడవాళ్ళు నన్ను చూసి, "ఒరే అయ్యా, మా గుమ్మం ఎక్కకు, మా కుక్క సచ్చిపోద్ది" అని పకపకా నవ్వేవాళ్ళు. నవ్వు వరకైతే ఓర్చుకుందును. మళ్ళీ వేటకు పోదామని అడిగితే ఒక్క పడవవాడూ ఎక్కించుకోలేదు. చేతిలో ప్రాణం నిలవని మనిషట, నేనెక్కితే వల నిండదట!

"మేత ముట్టుకోకు ఇంక. నీళ్ళు పెట్టు, లద్దెత్తు, అంతే" అన్నాడు బావ. మానేసి పోతే తప్పు ఒప్పుకున్నట్టే కదా, పళ్ళు నూరుకుంటూ ఉండిపోయాను. నీకూ ఒక రోజొస్తుందిరా అని లద్దె ఎత్తుతూ రోజూ అనుకునేవాణ్ణి.

వచ్చింది. కార్తీకంలో ఒక గురువారం ఉదయం షెడ్డు కడుగుతుంటే, నీళ్ళు పోయే కాలవ దగ్గర ఇసుక చార కట్టింది. సిమెంటు నేల మీద ఇసుకెక్కడిది? ఒక లద్దె ఉండ తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాను. గరగరలాడింది. బావ ఇంకా ఒడ్డునే గడ్డి ఆరేసి తెస్తున్నాడు. ఎర్రగుర్రం పొట్టలోకి గడ్డితోపాటు ఇసుకా పోతోందన్నమాట. తెల్లదాన్ని చంపింది ఏమిటో అప్పుడు తెలిసింది. నా ఉలవలు కాదు! ఒళ్ళంతా జల్లుమంది. సంతోషంతోనే జల్లుమంది, దాచడమెందుకు?

వెంటనే పరిగెత్తి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆదివారం జాలరిపేటలోనే పెళ్ళి, పెళ్ళికొడుకు మా ఎర్రగుర్రం మీదే ఊరేగాలి. నన్ను చూసి నవ్వినవాళ్ళంతా అక్కడే ఉంటారు. వాళ్ళందరి ముందు గుర్రం కూలబడాలి, మా బావ మొహం మాడిపోవాలి, కుక్క కాటుకు చెప్పుదెబ్బ పడాలి. గురువారం, శుక్రవారం, శనివారం ఆ ఇసుకను నా చేత్తోనే కడిగి కాలవలోకి తోసేశాను. గుర్రం మేత సగం వదిలేసి మాటిమాటికీ తన పొట్టవైపు తిరిగి చూసుకునేది. నోరులేని జీవి అని తెలియక కాదు, తెలిసే ఊరుకున్నాను.

శనివారం సాయంత్రం బావ దాని మెడ నిమురుతూ అడిగాడు. "బావా, ఇది డల్‌గా ఉందేటి?"

"ఎండ తగిలుంటాది" అన్నాను.

పెళ్ళిదాకా ఆగలేదది. ఆదివారం పొద్దున్న పెళ్ళివారు పూలదండలు పట్టుకుని షెడ్డుకొచ్చేసరికి చెమటలు కారుతూ దొర్లుతోంది. అక్క ఏడుస్తూ వచ్చింది. ఈసారి డాక్టరు ప్రాణం ఉండగానే చేరాడు. లద్దెను బకెట్టు నీళ్ళలో కలిపి కాసేపాగి వంచితే అడుగున రెండు వేళ్ళ మందాన ఇసుక. నేను ఆగలేకపోయాను.

"సూసినారా! ఉలవలు కాదు, ఇసక! గడ్డి ఇసకలో పరిసీమన్నదెవరో అడగండి! అడగండి మా బావని!"

అందరూ బావవైపు తిరిగారు. ఆయన నేలమీద చతికిలబడి మొహం కప్పుకున్నాడు. ఆ క్షణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను, అన్ని నెలల మంటా ఒక్కసారి చల్లారింది. బావ లేచి, పెళ్ళివాళ్ళందరి ముందూ నాకు దండం పెట్టాడు. "తప్పు నాదే బావా. రెండిటి పొట్టలోకీ ఇసక నావల్లే పోనాది. నిన్ను అన్యాయంగా అన్నాను" అన్నాడు.

డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి, ఇసుకను కిందికి జార్చే ఇసబ్గోలు నీళ్ళు పట్టించాడు, సూదులు వేశాడు. సాయంత్రానికి గుర్రం తడబడుతూ లేచి నిలబడింది. బతుకుతుందన్నాడాయన. చేతులు కడుక్కుంటూ, పెద్దగా పట్టించుకోనట్టే అడిగాడు. "ఇంత ఇసుక ఒక్కరోజులో రాదయ్యా. మూడు నాలుగు రోజుల్నుంచీ లద్దెలో కనపడుతూనే ఉండాలి. ఎవరూ చూడలేదా? లద్దె ఎత్తేదెవరు?"

"నానేనండి" అన్నాను. అక్క నావైపే చూస్తోంది. "నాకేటీ కనపడలేదు డాక్టరుగారూ."

బావ నా పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆడికి కనపడుంటే ఆ నిమిసమే సెప్పీసేవోడండి. ఆడు నాలాటోడు కాదు."