మసక చుక్కలు ముందు

ఆకాశం చూడటానికి పోయేవాళ్లు, ఏది ముందు అస్తమిస్తుందో తెలుసుకుని ఆ వరసలో చూడాల్సినవాటి జాబితా రాసుకుంటారు. నేను అలా రాయలేదు. మా ఆయన కంటికి ఏది ముందు అందకుండా పోతుందో అది ముందు రాశాను. మసకవి పైన, మెరిసేవి కింద.

ఆయనకు రేచీకటి. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోందని, ఆపే మందు లేదని, చూడాలనుకున్నవి ఇప్పుడే చూసుకోమని కంటి డాక్టర్ చెప్పాడు. పెళ్లయిన కొత్తలో ఖమ్మంలో మా డాబా మీద నిలబెట్టి నాకు చుక్కలు నేర్పిన మనిషితో అన్న మాట అది. ఆ రోజు ఇంటికి వచ్చాక ఆయన ఒక్కటే అడిగాడు. ఆండ్రోమెడా గెలాక్సీని బైనాక్యులర్స్‌లో ఇంకొక్కసారి చూడాలన్నాడు. మా వీధి లైట్ల వెలుగుకు అది డాబా మీది నుంచి ఎప్పుడో మాయమైంది.

పర్ణశాల దారిలో, అడవిని ఆనుకుని ఆయన స్నేహితుడికి మిరప చేను ఉంది. డిసెంబర్ అమావాస్య సెలవు రోజున పడింది కాబట్టి అక్కడికి పోదామనుకున్నాం. జాబితాలో ఆండ్రోమెడా మొదటిది. దాని తర్వాత గొల్లకావడి చుక్కల కింద పొగలా కనిపించే మరక. అట్టడుగున పిల్లలకోడి. ఆ చుక్కల గుంపు ఎవరికైనా కనిపిస్తుంది, దానికేం తొందర అనుకున్నాను.

అమావాస్య నాడు ప్రయాణం ఏందని అత్తమ్మ అడ్డం పడింది. చంద్రుడు లేని రాత్రే కావాలని ఎన్ని రకాలుగా చెప్పినా వినదు. చుక్కలు ఎక్కడికి పోతాయి, పున్నమికి పోయి చూసుకోమంటుంది. కళ్ల సంగతి చెబితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ చెప్పొద్దని ఆయన నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. తెలిస్తే అమ్మ తిండి మానేస్తుందని ఆయన భయం. తల్లీకొడుకుల మధ్య నోరు కుట్టేసుకుని తిరగడం మాత్రం నా వంతు.

చివరికి అత్తమ్మే ఒక దారి చెప్పింది. ప్రస్థానం పెడదామంది. మంచి రోజు చూసి ప్రయాణపు సంచిని ముందే పక్కింట్లో ఉంచితే బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత అమావాస్య నాడు కదిలినా దోషం ఉండదు. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను. మర్చిపోకుండా ఉంటుందని బైనాక్యులర్స్ కూడా ఆ సంచిలోనే పెట్టి పక్కింట్లో ఇచ్చి వచ్చాను. వాళ్లు క్రైస్తవులు. మా ఆచారం విని పక్కింటి వదిన నవ్వింది, సంచిని బీరువా పక్కన జాగ్రత్తగా పెట్టింది.

అమావాస్య నాడు మధ్యాహ్నం కిరాయి కారు వచ్చి హారన్ కొట్టింది. సంచి కోసం పోతే పక్కింటికి తాళం. వరండాలో క్రిస్మస్ కాగితపు నక్షత్రం, లోపల బల్బుతో పట్టపగలే వెలుగుతూ వేలాడుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేస్తే వదిన పెనుబల్లిలో పుట్టింట్లో ఉంది. పాపం, చాలా నొచ్చుకుంది. పండగయ్యాక గానీ రాలేమంది.

సంచి లేకుండానే పోదామన్నాను. ఒట్టి కళ్లతో చూసినా చూసినట్టే కదా.

"పయనం పెట్టిన సంచి ఇడిసిపెట్టి పోతరా? గట్ల పోతే అసలుకే మంచిది గాదు," అంది అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆయన వైపు చూశాను. పోనీలే, వచ్చే వారం పోదామన్నాడు, కూరగాయల సంగతి చెప్పినంత తేలిగ్గా. అత్తమ్మ మీద కన్నా ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. కారు పంపేసి, కడిగిన గిన్నెలే మళ్లీ చప్పుడయ్యేలా తోమాను.

వచ్చే వారానికి ఆకాశంలో సగం చంద్రుడుంటాడు. ఆ వెలుగులో ఆండ్రోమెడా ఆయన కంటికి అందదు. కొట్టేశాను. పొగ మరకనూ కొట్టేశాను. జాబితాలో పిల్లలకోడి పైకి వచ్చింది.

పండగయ్యాక సంచి చేతికొచ్చింది. పర్ణశాల గుడి చూసినట్టూ ఉంటుందని ఈసారి అత్తమ్మ కూడా కారెక్కింది. గుడి చూసుకుని చేను చేరేసరికి చీకటి పడింది. చలి గాలికి మిరప ఘాటు ముక్కుకు తగులుతోంది. నేను ఇంకా సంచి జిప్పుతో కుస్తీ పడుతుండగానే అత్తమ్మ తల పైకెత్తింది.

"అగో, పిల్లలకోడి. చిన్నప్పుడు చేన్ల పండుకోని రోజూ చూస్తుంటి. కనబడ్తుందారా?"

"అవ్, మంచిగ కనబడ్తుంది," అన్నాడాయన.

ఆయన ముఖం తిరిగి ఉన్న వైపు ఒక చింతచెట్టు ఉంది. చుక్కలు దానికి ఎంతో పైన, మరో పక్కన ఉన్నాయి.

అత్తమ్మ చెట్టు వైపు చూసింది, మళ్లీ చుక్కల వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటి సంది అని అడిగింది. డాక్టర్ చెప్పిందంతా చెప్పేశాను. ఆయన నన్ను ఆపలేదు. జిప్పు సగం తీసిన సంచి అలాగే నా చేతిలో ఉండిపోయింది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"చెప్తే అమాస నాడు అందరికన్న ముంగట నేనే కారెక్కుతుంటి గదరా," అంది.